మా మనవరాలి చెవి వెనక ఉన్నది మృగం ముద్ర కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మెదడులో పెట్టే చిప్పుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. అదే వారం మా ఊళ్లో జరిగిన క్రైస్తవ ఉజ్జీవ సభల్లో అదే చిప్పు మీద ఒక ప్రసంగం విన్నాను. వ్యాసం రాసినాయన రేపో ఎల్లుండో మనందరి తలల్లో చిప్పు ఉంటుందని, బట్టీ పట్టే బాధ, మర్చిపోయే బాధ తప్పుతాయని సంబరపడ్డారు. ప్రసంగం చేసినాయన అది బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో దేవుడికి ఎదురు తిరిగిన మృగం వేసే ముద్ర, అదే 666 అని, పెట్టించుకున్నవాళ్లకు నరకమేనని తేల్చేశారు. ఇద్దరికీ చెప్పాల్సింది ఉంది. నాకు దొరికింది మాత్రం మీ అడ్రసే.

నేను తెనాలిలో ఉంటాను. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో నేచురల్ సైన్స్ చెప్పి 2016లో రిటైరయ్యాను. పుట్టి పెరిగింది లూథరన్ సంఘంలో, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో. స్త్రీల సమాజం లెక్కలు ఇరవై ఏళ్లుగా నేనే రాస్తున్నాను. బోర్డు మీద మెదడు బొమ్మ గీసి మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని పేర్లు రాయించినదాన్నే గానీ డాక్టర్ని కాను, వేదాంతం చదివినదాన్నీ కాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం మా ఇంటి పిల్లలిద్దరు. మా అమ్మాయి కూతురికి 14 ఏళ్లు, మా అబ్బాయి కొడుక్కి 17.

సభల రెండో రాత్రి మనవరాలిని, మా పాపను, వెంటబెట్టుకుని వెళ్లాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు మూలలా సౌండ్ బాక్సులు. పాటలు బాగా పాడారు. ప్రసంగీకుడు వేరే జిల్లా నుంచి వచ్చినాయన, మంచి గొంతు. అమెరికాలో మనుషుల మెదడులో యంత్రం పెట్టడం మొదలైందనీ, కడవరి దినాలు వచ్చేశాయనీ అన్నారు. తలలో యంత్రం పెట్టించుకున్నవాడు మృగం సొత్తు అన్నారు. జనం ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నా నోటి నుంచీ సగం ఆమెన్ వచ్చింది. పక్కకు చూద్దును కదా, పాప చెయ్యి తల వెనక్కి పోయింది. కుడి చెవి వెనక జుట్టులో అతుక్కుని ఉండే గుండ్రటి బిళ్లను లాగేసింది. చెవి మీది ప్రాసెసర్నీ తీసి, తీగతో సహా చేతిరుమాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. అది తీస్తే తనకు పక్కన టపాకాయ పేలినా వినపడదు. మిగతా గంటంబావు స్టేజీ వైపే చూస్తూ అలాగే కూర్చుంది.

పాపకు పుట్టుకతోనే చెవుడు. 2014లో, రెండున్నరేళ్లప్పుడు, ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేశారు. చర్మం కింద, చెవి వెనక ఎముకలో చిన్న గుంత చేసి యంత్రం అమర్చి, దాని తీగను లోపలి చెవిలోని నత్తగుల్లలోకి పంపుతారు. బయటి ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి బిళ్ల ద్వారా లోపలికి పంపితే, ఆ తీగ నేరుగా నరాన్ని తట్టి లేపుతుంది. అంటే ఆ ప్రసంగీకుడు చెప్పిన 'తలలో యంత్రం' మా పాపకు పన్నెండేళ్లుగా ఉంది.

ఆటోలో ఇంటికి వచ్చేదాకా బిళ్ల పెట్టుకోలేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తగిలించుకుని ఒకే మాట అడిగింది. "అమ్మమ్మా, నాక్కూడా ముద్ర వేసేశారా?"

నా చిన్నప్పటి నుంచి ఎన్ని ముద్రలు విన్నానో లెక్కలేదు. సబ్బు డబ్బా మీద బార్‌కోడ్ వచ్చిన కొత్తలో అదే ముద్ర అన్నారు. తర్వాత ఆధార్ అన్నారు. కరోనా టీకా అన్నారు, ఆ మాట నమ్మి మా సమాజంలో ఇద్దరు వేయించుకోలేదు. ఇప్పుడు చిప్పు. ప్రకటన 13లో యోహాను రాసింది కుడిచేతి మీదా, నొసటి మీదా అని. చెవి వెనక అని ఎక్కడా లేదు. ఇది తమాషాకు అంటున్నాను గానీ, అసలు సంగతి ఆ వెంటనే వచ్చే వచనంలో ఉంది. ముద్ర లేనివాడికి కొనడానికీ అమ్మడానికీ అధికారం ఉండదు. అక్కడ మాట యంత్రం గురించి కాదు. ఎవరికి సాగిలపడితే బజారులో చోటు దొరుకుతుంది, ఎవరిని బజారులోంచి గెంటేస్తారు అన్నదాని గురించి. ఈ బజారు మాట కాసేపట్లో మళ్లీ ఎత్తుతాను.

ఆ రాత్రి పాపకు మార్కు సువార్త ఏడో అధ్యాయం తీసి ఇచ్చాను. చెవుడూ నత్తీ ఉన్న ఒకాయన్ని యేసు దగ్గరికి తీసుకొస్తారు. ఆయన అతన్ని జనంలోంచి పక్కకు తీసుకెళ్లి, చెవుల్లో వేళ్లు పెట్టి, ఉమ్మివేసి, నాలుక ముట్టి, ఆకాశం వైపు చూసి నిట్టూర్చి "ఎప్ఫతా" అంటాడు. తెరవబడు అని. చిన్నప్పటి నుంచి చదువుతున్న కథే. కానీ మా పాప చదివాక నాకు కొత్తగా కనపడింది ఒకటుంది. మాటతో గాలిని అణచినవాడు ఇక్కడ మాట ఒక్కదానితో సరిపెట్టలేదు. వేళ్లు పెట్టాడు, ఉమ్మి వాడాడు. వినపడని మనిషికి అర్థమయ్యే భాషలో, ముట్టుకుని చెప్పాడు. ఒంట్లోకి ఏదీ పోకూడదనే మనిషి ఆ వేళ్ల దగ్గర ఏం చెబుతాడో నాకు తెలియదు.

ఈ ఇంప్లాంటును ఇప్పటి రూపానికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆస్ట్రేలియా డాక్టరు గ్రేమ్ క్లార్క్. ఆయన తండ్రికి చెవుడు, మందుల షాపు నడిపేవాడు. మెలికలు తిరిగిన నత్తగుల్లలోకి తీగ విరగకుండా ఎలా పంపాలో క్లార్క్‌కు చాలాకాలం అంతుపట్టలేదు. 1977లో సముద్రం ఒడ్డున ఒక గుల్లలోకి గడ్డిపరక దూర్చి చూస్తుంటే దారి దొరికింది. పరక మొదట్లో గట్టిగా, కొసన మెత్తగా ఉంటేనే లోపలిదాకా పోతుంది. మరుసటి ఏడు, 1978 ఆగస్టులో, మెల్‌బోర్న్‌లో మొదటి రోగికి పెట్టాడు. ఆయన క్రైస్తవుడు, ఆ సంగతి దాచుకున్నవాడూ కాదు. గడ్డిపరకలో దారి చూపించింది సాతానే అంటారా?

మా గుంటూరు లూథరన్లకైతే ఈ సందేహం రానే రాకూడదు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. 1898లో ఆమె తెరిచిన ఆస్పత్రిని ఇప్పటికీ ఊరంతా కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. కత్తీ కుట్టూ పట్టిన చేత్తోనే ప్రార్థన చేసిన మనుషులు వేసిన సంఘాలు మావి.

అయినా ఆపరేషనుకు ముందు సంఘంలో ఒక పెద్దాయన మా అమ్మాయిని ఆపి, చెవిటివాణ్ణి పుట్టించిందీ నేనే అని దేవుడు మోషేతో అన్నాడు కదమ్మా, మధ్యలో మనమెవరం అన్నారు. వచనం ఉన్నమాట నిజమే, నిర్గమ 4లో ఉంది. అది నత్తిగా ఉన్నాను, నన్ను పంపకు అని మోషే మొండికేసినప్పుడు దేవుడు అన్నమాట. నత్తి పోగొట్టుకుని రా అనలేదు, నత్తితోనే పంపాడు, తోడుగా అన్న అహరోనును ఇచ్చాడు. చెవిటివాళ్లను తక్కువగా చూడొద్దు అనడానికి ఇంతకంటే మంచి వచనం లేదు. చెవిటి బిడ్డకు వైద్యం చేయించొద్దు అనడానికి మాత్రం ఇది పనికిరాదు. మాకు చెవుడు జబ్బు కాదు, సైగలే మా భాష అనే చెవిటివాళ్లూ ఉన్నారు, వాళ్లమాటా కొట్టిపారేయలేను. పాపకు బ్యాటరీ అయిపోయినప్పుడు మాకు దిక్కు ఆ సైగలే.

ఇక మీ వ్యాసకర్త గారికి. యంత్రం పెట్టగానే తెలివి వచ్చేస్తుందన్నట్టు రాశారు. ఒకసారి మా ఇంటికి రమ్మనండి. మామూలు చెవిలో శబ్దాన్ని నరానికి అందించే లోపలి వరస వెంట్రుక కణాలు దాదాపు 3,500 ఉంటాయి. మా పాప తీగ మీద ఎలక్ట్రోడ్లు, అంటే నరానికి కరెంటు తాకించే బిందువులు, 22. ఆపరేషన్ అయిన నెలకు మొదటిసారి స్విచ్ ఆన్ చేసిన రోజు మేమంతా వీడియో తీద్దామని ఫోన్లు పట్టుకుని నిలబడితే, పాప జడుసుకుని వాళ్లమ్మ మెడ పట్టుకుని ఏడ్చింది. తనకు వినపడింది మాట కాదు, చప్పుడు. ఆ చప్పుళ్లలోంచి తెలుగును ఏరడానికి రెండేళ్లు పట్టింది. మా అమ్మాయి ఉద్యోగం మానేసింది. అన్నం పెడుతూ "అన్నం, అన్నం, వేడి అన్నం", నీళ్లు పోస్తూ "నీళ్లు, చన్నీళ్లు", రోజంతా అదే. నోరు కనపడకుండా చీర కొంగు అడ్డుపెట్టుకుని పేరుపెట్టి పిలవడం, తిరిగి చూస్తే చప్పట్లు. స్టీలు గ్లాసు మీద గరిటతో కొట్టి, అది ఎటునుంచి వచ్చిందో వేలు చూపించమనడం. ఒకరోజు మధ్యాహ్నం నేను వరండాలో చింతపండు గింజలు తీస్తుంటే లోపలి నుంచి "అమ్మమ్మా" అని వినపడింది. నా వైపు చూసి కాదు, గోడ అవతల నుంచి. నేను దగ్గానని, ఆ దగ్గు విని పిలిచిందని తర్వాత తెలిసింది.

22 ఎలక్ట్రోడ్లతో అంత తెలుగు ఎలా పట్టిందంటే, మెదడు నేర్చుకుంది. పక్కన ఒక మనిషి విసుగు లేకుండా మాట్లాడుతూ ఉంటే నేర్చుకుంది. పాఠంలో నేను మెదడని చెప్పానే గానీ, మన ఇళ్లల్లో దాన్ని మనసు అంటాం. మనసు పెట్టి చదువు అంటాం, మనసు విరిగింది అంటాం, ఒకరికి మనసిచ్చాను అంటాం. అది ఒకరి పుర్రెలో ఒంటరిగా పెరిగేది కాదని భాషకే తెలుసు. 2025 జనవరి 28న రోమ్‌లోని కాథలిక్ పీఠం వాటికన్ కృత్రిమ మేధ మీద ఒక పత్రం ఇచ్చింది. నేను లూథరన్‌ని, రోమ్ మాట నాకు శాసనం కాదు. కానీ తెలివి అంటే పని చేసిపెట్టే సామర్థ్యం ఒక్కటే కాదు, ఒంటితోనూ తోటివాళ్లతోనూ దేవుడితోనూ ముడిపడినది అని అందులో ఉన్న మాట, మా అమ్మాయి గరిట పట్టుకుని చేసినదే.

అమెరికా సంగతికి వస్తే, 2024 జనవరిలో న్యూరాలింక్ కంపెనీ మొదట చిప్పు పెట్టింది నోలాండ్ ఆర్బా అనే యువకుడికి. 2016లో నీళ్లలో జరిగిన ప్రమాదంలో మెడ నుంచి కిందకు చచ్చుబడింది. వెంట్రుకకంటే సన్నని 64 దారాలు, వాటి మీద 1,024 ఎలక్ట్రోడ్లు. చెయ్యి కదపకుండా, తలుచుకుని కంప్యూటర్ మీద చదరంగం ఆడాడు. కొన్ని వారాలకు దారాల్లో చాలావరకు మెదడులోంచి వెనక్కి జారిపోయాయి, సాఫ్ట్‌వేర్ మార్చి మళ్లీ నడిపించారు. ఈ సంగతి మీ వ్యాసంలో లేదు. ఆ యువకుడు తన విశ్వాసం గురించి బహిరంగంగా మాట్లాడే క్రైస్తవుడు అన్నది మా సభల్లో చెప్పలేదు. అతనికి ఆ చిప్పు ఎందుకు కావాలో నాకు వివరించి చెప్పక్కర్లేదు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికేవాళ్లకు మెదడులో తీగ పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్లు హైదరాబాద్‌లోనూ చాలా ఏళ్లుగా జరుగుతున్నాయి. చేయించుకునే స్తోమత ఉండాలే గానీ ఎవరు కాదంటారు?

చిక్కల్లా మా మనవడి దగ్గర వచ్చింది.

వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. కాలేజీ పేరు అనవసరం, ఏ కాలేజీ అయినా ఒకటే టైమ్‌టేబుల్. సంక్రాంతికి ఇంటికొచ్చాడు. మూడు రోజులు పిల్లాడు సరిగా నిద్రపోలేదు. అరిసెలు పెడితే ఒకటి కొరికి పక్కన పెట్టాడు. జీన్స్ ప్యాంటు వాషింగ్ మెషిన్లో వేయబోతూ జేబు తడిమితే మాత్రల స్ట్రిప్ తగిలింది. పదిలో నాలుగు మిగిలాయి. భూతద్దం పెట్టి పేరు చదువుకున్నాను, మోడాఫినిల్. మా బజారులో మందుల షాపు అబ్బాయి నా దగ్గర చదివినవాడే. వాడికి చూపిస్తే మొహం మారింది. "టీచర్‌గారూ, ఇది పగలు ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బుకిచ్చే మందండి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మీకెవరిచ్చారు?" అన్నాడు.

మనవణ్ణి కూర్చోబెట్టి అడిగాను. అరవలేదు. వాడే చెప్పాడు. "నాయనమ్మా, మా రూమ్‌లో ఆరుగురం. నలుగురు వేసుకుంటారు. నేనొక్కణ్ణే వేసుకోకపోతే వెనకబడిపోతా. ఇది డ్రగ్ కాదు, చదువుకే కదా." తలనొప్పి వస్తోందని కూడా చెప్పాడు, అదేదో మామూలు సంగతన్నట్టు.

వాడికి జబ్బు లేదు. నిద్ర జబ్బు కాదు. చదివింది మెదడులో కుదురుకునేదే నిద్రలో అని పదో తరగతి పిల్లలకు నేనే చెప్పాను. కానీ వాడు చెప్పిన లెక్కకు నా దగ్గర జవాబు లేదు. మా వీధిలో మున్సిపల్ కుళాయిల కథ గుర్తొచ్చింది. మొదట ఒకింటివాళ్లు కుళాయికి మోటారు బిగించారు. పక్కింటికి ధార సన్నబడింది, వాళ్లూ బిగించారు. ఏడాది తిరిగేసరికి వీధంతా మోటార్లే. వచ్చే నీళ్లు ఎప్పటివే, కరెంటు బిల్లు మాత్రం అందరికీ పెరిగింది. చివరింటి ముసలమ్మకు మోటారు కొనే డబ్బు లేదు, ఆమె కుళాయిలో గాలి వస్తుంది. సీట్లు ఎన్నో అన్నే ఉన్నప్పుడు మాత్ర వేసుకున్నా, రేపు చిప్పు పెట్టుకున్నా జరిగేది ఇదే. ముద్ర లేనివాడికి బజారులో చోటు లేదు అని యోహాను రాసింది నాకు మా మనవడి రూములో కనపడింది.

ఇక్కడ గీత ఎక్కడ గీయాలి అంటే, ఒంట్లోకి యంత్రం పోవడం దగ్గర కాదు. నా రెండు కళ్లలోనూ శుక్లాల ఆపరేషన్‌లో పెట్టిన ప్లాస్టిక్ లెన్సులే. కాఫీ తాగి రాత్రుళ్లు చదివే నేను బీఎడ్ పాసయ్యాను. వైద్యం ఇక్కడిదాకా, అక్కడి నుంచి అత్యాశ అని స్కేలు పెట్టి గీసే గీత నాకు దొరకలేదు, దొరికిందని చెప్పేవాళ్లను నమ్మను. నాకు తెలిసిన ఒక్క గుర్తు లూథర్ దగ్గర ఉంది. పాపం అంటే మనిషి తనలోకి తాను వంకర తిరిగిపోవడం అన్నాడాయన. పాప యంత్రం తనను వాళ్లమ్మ వైపు, నా దగ్గు వైపు, బయటికి తిప్పింది. మనవడి మాత్ర వాణ్ణి ఆరుగురున్న రూములో ఒంటరివాణ్ణి చేసింది. పక్కమంచం పిల్లాడు వాడికి స్నేహితుడు కాదు, ర్యాంకు. జన్యువులను మార్చి మేలురకం మనుషులను తయారుచేయబోతే, ఆ మేలురకం గుణాలు లేనివాళ్లు చిన్నచూపుకు గురవుతారని 2008లో వాటికన్ ఇంకో పత్రంలో హెచ్చరించింది. అది జన్యువుల గురించి చెప్పినా, మాత్రకూ చిప్పుకూ అంతే సరిపోతుంది.

తెలివి పెరగాలని కోరుకోవడం తప్పా అంటే, బైబిల్లోనే ఒకడు కోరుకున్నాడు, దేవుడు సంతోషించి ఇచ్చాడు. గిబియోను అనే ఊళ్లో కలలో ఇశ్రాయేలు రాజు సొలొమోను ఆయుష్షు అడగలేదు, డబ్బు అడగలేదు. జనానికి న్యాయం తీర్చడానికి వివేకం గల హృదయం అడిగాడు. మన తెలుగు బైబిల్లో అలా ఉంది గానీ, హీబ్రూలో ఆ మాటకు అచ్చంగా 'వినే హృదయం' అని అర్థమని మా సంఘం పాత పాస్టరు అయ్యగారు ఒకసారి చెప్పారు. ఇంట్లో ఇంప్లాంటు ఉన్నదాన్ని కదా, ఆ మాట నాకు అప్పుడే అతుక్కుపోయింది. ఆ వెంటనే వచ్చే తీర్పు చూడండి. ఇద్దరు ఆడవాళ్లు, ఒక బిడ్డ. ఇద్దరూ వేశ్యలు, వాళ్ల మాట రాజసభలో వినేదెవరు? అతను విన్నాడు. అదే మనిషి మొదటి రాజుల గ్రంథం పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు. చచ్చిపోయాక జనం వచ్చి, నీ తండ్రి మా మీద బరువైన కాడి పెట్టాడు, కాస్త తేలిక చెయ్యి అని కొడుకును బతిమాలుకున్నారు. తెలివి తగ్గిందని ఎక్కడా రాయలేదు. వినడం ఆగిపోయింది. మీ వ్యాసకర్త చెప్పే చిప్పు ఎంత గొప్పదైనా సొలొమోనుకు దొరికినదానికంటే ఎక్కువ ఇవ్వదనుకుంటాను.

ఇప్పుడు మా ఇంటి తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం దొంగ ఉత్తరం అవుతుంది. ప్రతి ఏడూ పరీక్షల ముందు ఆదివారం మా పిల్లలు హాల్ టికెట్లు, పెన్నులు, ప్యాడ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. భయం పోవడానికి మంచిదే. కానీ ఆ ప్రార్థన ఏళ్లు గడిచేకొద్దీ మారింది. మొదట్లో జ్ఞాపకశక్తినీ ధైర్యాన్నీ ఇవ్వు తండ్రీ అనేవారు. ఇప్పుడు తలగా ఉంచు తోకగా ఉంచకు, మా పిల్లలే స్టేట్ ఫస్ట్ రావాలి అని మైకులో అడుగుతున్నారు. మన పిల్లలు తల అయితే తోక ఎవరి పిల్లలు? ఫలితాలొచ్చాక ర్యాంకులు తెచ్చినవాళ్లకు స్టేజీ మీద శాలువా, షీల్డు. ఆ షీల్డుల బిల్లు ప్రతి ఏడూ రాసేది నేనే. మా మనవడు పదిలో 600కి 581 తెచ్చుకున్నప్పుడు ఆ షీల్డు వాడి చేతికి ఇచ్చిందీ నేనే, ఫొటో హాల్లో ఉంది. పాప అదే స్టేజీ కింద కూర్చుని చప్పట్లు కొట్టింది. రెండేళ్లు కష్టపడి 'అమ్మమ్మా' అన్న మాట నేర్చినందుకు మేము ఎవరికీ షీల్డు ఇవ్వలేదు. మాత్ర ఎవరిచ్చారని మనవణ్ణి అడిగాను కదా, ఆ ప్రశ్న నాకూ తగులుతుంది.

మా గుడి గంట కొట్టే ఆయన గురించి ఒక్క ముక్క. నలభై అయిదేళ్లు ఉంటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు, ఒకటో తరగతి దాటలేదు, పది తర్వాత అంకె రాదు. గంట మాత్రం టైముకు కొడతాడు, ఎవరో ఒకరు సైగ చేస్తే చాలు. కళ్ల ఆపరేషన్ అయి నేను రెండు ఆదివారాలు గుడికి వెళ్లలేదు. రెండో ఆదివారం మర్నాడు, సోమవారం పొద్దున్నే మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కళ్లకున్న నల్లద్దాల వైపు చూసి "రాలే. నువ్వు రాలే" అని చెప్పి వెళ్లిపోయాడు. నూట యాభై కుటుంబాల సంఘంలో నేను రాలేదని లెక్కపెట్టింది లెక్క రాని ఆయనే. శరీరంలో బలహీనంగా కనపడే అవయవాలే మరి అవశ్యం అని పౌలు కొరింథీయులకు రాశాడు. రేపు అందరి తలల్లో చిప్పులు వచ్చిన సంఘంలో ఈయన్ని ఎక్కడ కూర్చోబెడతారో ఆ వ్యాసం రాసినాయన్ని ఒకసారి అడిగి చెప్పండి.

మీకు రెండు విన్నపాలు. ఈ నెలా వచ్చే నెలా పరీక్షలు. మీ ఆరోగ్యం పేజీలో ఈ మాత్రల గురించి ఒక డాక్టరు చేత తేలిక తెలుగులో రాయించండి. ఎవరికోసం తయారైంది, ఊరికే వేసుకుంటే ఏమవుతుంది, పిల్లాడు నిద్రపోకపోతే తల్లిదండ్రులు ఏం అడగాలి అన్నది చాలు. భయపెట్టేలా వద్దు, భయం ఇప్పటికే బోలెడుంది. మనవణ్ణి మేము గుంటూరులో డాక్టరుకు చూపించాం. మాత్రలు మానేశాడు. హాస్టల్ మాన్పించాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేల్చుకోలేదు. వాళ్ల నాన్న ఒకటంటాడు, నేను ఒకటంటాను.

రెండోది, ఈ ఉత్తరం వేసుకుంటే మెయిన్ పేపర్లో కాకుండా జిల్లా ఎడిషన్లో వేయండి. మా అయ్యగారు మొదట తెరిచేది అదే. పెన్నుల ప్రార్థన వచ్చే ఆదివారం. ఈసారి మార్కు ఏడో అధ్యాయం పాప చేత చదివించమని అడిగాను. చూద్దామమ్మా అన్నారు. ప్రాసెసర్‌కు కొత్త బ్యాటరీలు తెచ్చిపెట్టాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్స్ టీచర్,
తెనాలి, గుంటూరు జిల్లా